ఎండకెళ్ళిన పళ్ళు

"అమ్మ పళ్ళు కనపడటం లేదట!"

ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి చిన్నోడు ఆ మాట చెప్పేసరికి, అతని భార్య ఉన్ని కోటు చేత్తో పట్టుకుని అద్దెగదంతా వెతుకుతోంది. దాన్ని తగిలించడానికి ఒక్క కొక్కెం లేదు. ఈ ఊళ్ళో కోటు వేసుకునేవాళ్ళుంటే కదా కొక్కేలు కొట్టించడానికి!

"కనపడకపోవడమేమిటి? నోట్లో ఉండాల్సినవి ఎక్కడికి పోతాయి?"

"నోట్లో లేవట. నీళ్ళ గిన్నెలో లేవట. నిన్న సాయంత్రం నుంచి అమ్మ శాలువా మూతికి చుట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుందట. అన్నం కూడా గదిలోకే పంపమందట."

చిన్నకోడలు కోటుని మంచం మీద పడేసింది. అయిపోయింది. బండి దిగి ఇంకా మొహం కడుక్కోలేదు, అప్పుడే ఇల్లు వెనకాలే వచ్చేసింది.

చెయ్యి అడ్డం పెట్టినా అవతలి గొంతు గదంతా వినిపిస్తూనే ఉంది. అది బావగారి గొంతు. పళ్ళ డాక్టరు. వీధివైపు క్లినిక్ ఆయనది, దాని వెనకాల వర్క్‌షాపు తమ్ముడిది. ఆయన నోళ్ళ కొలతలు తీసి పంపితే, ఈయన ప్లాస్టరు పోసి, మైనంలో పళ్ళు పేర్చి, కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. చిగుళ్ళకి రంగులు కలపడం, చివర్న మెరుగుపెట్టడం చిన్నకోడలి పని. చలికాలం వచ్చిందంటే ఇక ఊపిరాడదు. మంచులో జారిపడ్డ పెద్దవాళ్ళంతా విరిగిన సెట్లు రుమాల్లో మూటగట్టుకుని వరస కడతారు. అందుకని ఆ ఇంట్లో చలికాలంలో సెలవు మాట ఎత్తకూడదు.

వీళ్ళు ఎత్తలేదు కూడా. ఎత్తితే కదా కాదనడానికి! నిన్న సాయంత్రం మెరుగుపెట్టే మోటారు ఆపేసి, "ఎండ చూసి ఎన్నాళ్ళయిందండీ?" అని ఆవిడ అంటే, "పోదామా?" అని ఆయన అన్నాడు. అంతే. ఒక్క సంచీ సర్దుకుని పెరటి గుమ్మంలోంచి జారుకుని, ఈ సముద్రపు ఊరికి రైలు బండెక్కేశారు. ఇంతటి పని తాము చేయగలమని ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు.

"ఒరేయ్ చిన్నోడా, వింటున్నావా లేదా?" ఫోన్లోంచి బావగారు. "రేపు సాయంత్రం క్లినిక్ వార్షికోత్సవం. హాలు మాట్లాడాను, ఊరందర్నీ పిలిచాను. అమ్మ స్టేజీ మీద యాపిల్ కొరకాలి. ఇప్పుడేం కొరుకుతుందిరా? నా తలకాయ కొరుకుతుందా?"

యాపిల్ సంగతి వాళ్ళ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఏటా అదే తంతు. బావగారు మైకు తీసుకుని తల్లి మూతి దగ్గర పెడతారు. ఆవిడ గట్టి యాపిల్‌ని పళ్ళతో కరకరమని కొరుకుతుంది. హాలంతా చప్పట్లు. "మా అమ్మ నవ్వే మా గ్యారంటీ" అంటారు బావగారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆ కళ్ళనీళ్ళు మాత్రం నిజమైనవే, ఆ మాట ఒప్పుకోవాలి.

"పాత సెట్టు ఉండాలి కదన్నయ్యా, వర్క్‌షాపులో కింది సొరుగులో?"

"అదీ లేదు. సొరుగు మొత్తం తిరగేశాను. మీ ఆవిణ్ణడుగు. వెళ్ళేముందు అమ్మ గదిలోకి వెళ్ళింది ఆవిడేనట, మీ వదిన చూసింది."

చిన్నోడు ఫోను దించి పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి నచ్చలేదు.

"ఏమిటలా చూస్తారు? వెళ్ళాను. రోజూ సాయంత్రం వెళతాను. వేడినీళ్ళ సంచీ కాళ్ళ దగ్గర పెట్టి వస్తాను. నిన్న కూడా పెట్టాను. మొగుడితో పారిపోయే కోడలు కూడా అత్తగారి కాళ్ళు చల్లబడకుండా చూసి పారిపోయింది. చెప్పండి మీ అన్నయ్యకి!"

"పొరపాటున గానీ..."

"పొరపాటున ఎవరైనా అత్తగారి పళ్ళు తెచ్చుకుంటారా? సబ్బుబిళ్ళ అనుకుని తెచ్చానా? దువ్వెననుకున్నానా?"

"సరేలే, ఒక్కసారి సంచీ చూస్తే పోయేదేముంది?"

"చూడండి. బాగా చూడండి!"

సంచీ ఎత్తి మంచం మీద బోర్లించింది. బట్టలు పడ్డాయి, తువ్వాలు పడింది, దువ్వెన పడింది. అన్నిటికంటే చివర్న, సంచీ పక్కజేబులోంచి, గళ్ళ రుమాల్లో కట్టిన చిన్న మూట ఒకటి దొర్లుకుంటూ వచ్చి దిండుకి ఆనుకుని ఆగింది.

ఇద్దరూ దానివైపే చూస్తూ ఉండిపోయారు. విప్పనక్కర్లేదు. వాళ్ళ పనే అది, మూట ఆకారం చూస్తే పైదవడో కింది దవడో చెప్పగలరు.

"దొరికాయన్నయ్యా," అన్నాడు చిన్నోడు నీరసంగా.

 "అనుకున్నా," అన్నారు బావగారు. "సాయంత్రం బండెక్కండి. పొద్దున్నకల్లా ఇక్కడుంటారు. మిగతా సంగతి వచ్చాక మాట్లాడదాం." ఫోను పెట్టేశారు.

*

"ఎందుకు చేశావు?"

ఆ ప్రశ్న మెల్లగా అడిగాడు. గట్టిగా అరిచినా ఇంత మండేది కాదు.

"నేను చేశానా?"

"సంచీ సర్దింది నువ్వు."

"అవును, నేనే సర్దాను. ఇందులో ఏం పెట్టానో ఎన్ని మడతలు పెట్టానో నాకు తెలుసు. ఇది నేను పెట్టలేదు."

"అయితే అదే నడుచుకుంటూ వచ్చి ఎక్కిందా?"

"ఏమో, మన ఇంట్లో పళ్ళకి కూడా విసుగొచ్చిందేమో!"

చిన్నోడు బట్టలు మళ్ళీ సంచీలో పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ మడతపెట్టి మరీ పెడుతున్నాడు. మైనంలో పళ్ళు పేర్చినట్టే, తొందర లేదు, పొరపాటు లేదు. ఆ నిదానం చూస్తుంటే చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చేస్తున్నారు?"

"సాయంత్రం బండికి..."

"నేను రాను."

మడత పెడుతున్న చేతులు ఆగాయి.

"నేను రానండీ. ఇదివరకు ప్రతిసారీ వచ్చాను. మీ అన్నయ్యకి జలుబు చేసిందంటే ప్రయాణం మానుకున్నాం. మీ వదిన పుట్టింటివాళ్ళు వస్తున్నారంటే మానుకున్నాం. ఓసారి స్టేషన్లో బెంచీమీద కూర్చున్నాక, ఎవరో ముసలాయన పళ్ళసెట్టు మింగేశాడని పిలిస్తే పరిగెత్తుకుని వెళ్ళాం. అది దిండు కింద దొరికింది, గుర్తుందా? ఇప్పుడు మీ అమ్మ పళ్ళు. రేపు ఇంకెవరివో. జనానికి పళ్ళున్నంతకాలం, లేనంతకాలం కూడా, మనకి ఆదివారం ఉండదు!"

"అది కాదు, అమ్మ..."

"అమ్మ రేపు యాపిల్ కొరక్కపోతే ఏమవుతుంది? యాపిల్‌కేమైనా బాధా?"

నవ్వొచ్చినట్టుంది, పెదవి బిగించుకున్నాడు. నవ్వితే ఓడిపోయినట్టని భయం.

"నువ్వు దొంగతనం చేశావని అన్నయ్య అనుకుంటున్నాడు. వెళ్ళి ఇచ్చేస్తే..."

"మీరనుకుంటున్నారా?"

 ఎదురుగా గోడమీద ఎండ పడి ఉంది, దాన్నే చూస్తున్నాడు. జవాబు అదే. ఊరు ఊరంతా దొంగ అన్నా ఆవిడకి పట్టేది కాదు.

చిన్నకోడలు స్టేషన్ బయట కొన్న రబ్బరు చెప్పులు తొడుక్కుంది. మూట తీసి చేతిసంచీలో వేసుకుంది. పళ్ళు తన దగ్గరుంటే ఆయన మాత్రం ఎక్కడికి వెళతాడు?

"మీరు వెళ్ళేట్టయితే వెళ్ళండి. నేను సముద్రం చూడ్డానికి వచ్చాను. చూసే వస్తాను."

*

వీధిలో అడుగుపెట్టగానే ఎండ నెత్తిమీద చెయ్యివేసినట్టయింది. ఎన్నాళ్ళయిందో! వాళ్ళ ఊళ్ళో ఈ రోజుల్లో సూర్యుడు వచ్చి మొహం చూపించి సంతకం పెట్టి పోతాడు. ఇక్కడ మకాం వేసి కూర్చున్నాడు.

ఇళ్ళ తలుపులన్నీ బార్లా తీసే ఉన్నాయి. కుర్చీలు బయట, మనుషులు బయట, మంగలి కూడా అద్దం చెట్టుకి తగిలించి వీధిలోనే గడ్డం గీస్తున్నాడు. మలుపులో ఎవరో డోలు వాయిస్తుంటే, కూరల సంచీలతో వెళుతున్న ఆడవాళ్ళు సంచీలు కిందపెట్టి నాలుగడుగులు ఆడి మళ్ళీ సంచీలెత్తుకుని పోతున్నారు. అడిగేవాళ్ళు లేరు, ఆశ్చర్యపోయేవాళ్ళూ లేరు.

వీటన్నిటికంటే ముందు ఆవిడ కంటపడ్డవి జనం నోళ్ళు. అలవాటు ఎక్కడికి పోతుంది! తమ ఊళ్ళో చలికి ఎవరూ మూతి విప్పరు, కాలర్లలోకి మాట్లాడుకుంటారు. ఇక్కడ ముసలీముతకా అంతా కొండనాలుక కనపడేలా నవ్వుతున్నారు. ఒకాయనకి ముందుపళ్ళు రెండే మిగిలాయి. వాటితోనే ప్రపంచాన్నంతా పలకరిస్తున్నాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కొలతలు తీయాలని ఆవిడకి అనిపించలేదు. అలా అనిపించకపోవడం ఇదే మొదటిసారి.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూస్తే, ఆ నవ్వు చిన్నోణ్ణి చూసి. రెండు ఉన్ని కోట్లు చెరో భుజాన వేసుకుని, చెమటలు కక్కుకుంటూ, పది ఇళ్ళ దూరంలో వస్తున్నాడు. వీధిలో జనమంతా ఆయన్నే చూస్తున్నారు.

"ఆ కోట్లెందుకు తెచ్చారు?"

"గది గొళ్ళెం సరిగ్గా పడలేదు," అన్నాడు అక్కణ్ణించే. "ఉన్నివి. పోతే మళ్ళీ ఇలాంటివి దొరకవు."

"ఇక్కడ ఉన్ని కోటు దొంగిలించేవాడికి బుద్ధుందా?"

ఎదురు కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఫక్కున నవ్వింది. చిన్నకోడలు మొహం తిప్పుకుని ముందుకి నడిచింది. ఆయన మాత్రం ఆ పది ఇళ్ళ దూరం అలాగే పాటిస్తూ వచ్చాడు. దగ్గరికి రావడానికి ధైర్యం లేదు, వెనక్కి పోవడానికి మనసు లేదు.

సముద్రం ఒడ్డున రాతిగోడ మీద ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో కోట్లు.

 అలలు వస్తున్నాయి, పోతున్నాయి. పండ్లముక్కలు అమ్మే అమ్మాయి వచ్చి అడిగి, ఇద్దరి మొహాలూ చూసి, ఇక్కడ బేరం తెగదని పోయింది.

ఎంత కోపంలో ఉన్నా పని పనే. పళ్ళసెట్టు తడి ఆరితే వంకరపోతుంది. నిన్న సాయంత్రం నుంచి రుమాల్లో ఉన్నాయి కదా, ఏమయ్యాయో అని చిన్నకోడలు మూట విప్పింది.

ఆరలేదు. రుమాలు లోపల ప్లాస్టిక్ కవరు, కవరు లోపల తడి దూది, దూది మధ్య భద్రంగా రెండు దవడలూ. పసిపిల్లని పడుకోబెట్టినట్టు చుట్టి ఉన్నాయి. పైదవడలో ఎడమ కోరపన్ను కాస్త వంకర. ఆ వంకర పెట్టింది తనే. "అన్నీ తిన్నగా పెడితే అద్దంలో ఎవరో కనపడుతోందే పిల్లా, నేను కాదు. నా వంకర నాకు పెట్టు," అని అత్తగారు చెవిలో చెబితే, బావగారికి తెలియకుండా మైనంలో పన్ను తిప్పి పెట్టింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఈ దూది చూడండి. పొరపాటున పడితే ఇలా ఉంటుందా? ప్రయాణానికని చుట్టినట్టు లేదూ?"

చిన్నోడు కోట్ల మీదుగా వంగి చూశాడు. దూది వంక కాదు, రుమాలు వంక చూశాడు. విప్పిన ముడి ఇంకా సగం అలాగే ఉంది. రెండు కొసలు ముడివేసి, మిగిలిన తోకల్ని ముడిలోకే దోపిన ముడి. చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళే అన్నం డబ్బాకి రోజూ ఉండేది. దాన్ని పళ్ళతో తప్ప విప్పలేకపోయేవాడు.

"ఇది అమ్మ ముడి," అన్నాడు.

 చెప్పానా అని చిన్నకోడలు అనొచ్చు, అనలేదు. అందుకే అతనికి ఇంకా సిగ్గేసింది.

"నిన్ననుమానించాను."

"అవును."

"తప్పే."

"తప్పే."

అతను కోట్లు తీసి అవతలి పక్కకి పెట్టి, దగ్గరికి జరిగాడు. ఆవిడ జరగలేదు, అలాగని లేచి పోనూ లేదు.

"అయితే మనం సర్దుకోవడం చూసింది," అన్నాడు. "చూసి కూడా ఏమీ అనకుండా, పళ్ళు మన సంచీలో పెట్టింది. మనల్ని వెనక్కి లాగడానికే. ఇంకెందుకు?"

"అంతేనంటారా?" చిన్నకోడలికి మళ్ళీ మంట రేగింది. "అయితే అసలే రాను. ఈ మూట రేపు సాయంత్రం దాకా ఈ గోడమీదే కూర్చుంటుంది, నా పక్కన."

ఆ మాట పూర్తవకుండానే ఫోను మోగింది. ఇంటి నంబరు.

*

చిన్నకోడలు ఎత్తితే ముందు ఊపిరి వినిపించింది. తర్వాత గుసగుస.

"పిల్లా, నేనే. పెద్దోడు హాలు చూడ్డానికి వెళ్ళాడు. పెద్దకోడలు కునుకు తీస్తోంది. చేరారా?"

పళ్ళు లేని నోటిలోంచి మాటలు మెత్తగా, అంచులు లేకుండా వస్తున్నాయి. ఇన్నేళ్ళలో చిన్నకోడలు ఆ గొంతు అలా వినలేదు. ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. పళ్ళు పెట్టుకోకుండా అత్తగారు గుమ్మంలోకి కూడా రాదు. సెట్టు రిపేరుకిచ్చిన రోజున మావగారికి కూడా తలుపు సందులోంచే జవాబు చెప్పేదట.

చిన్నకోడలు ఫోను కాస్త పక్కకి వంచింది. చిన్నోడు తల దగ్గర పెట్టాడు. ఇద్దరి చెవుల మధ్య ఒకటే ఫోను.

"చేరాం అత్తయ్యా."

"ఎండ ఉందా?"

"బోలెడుంది."

"వెచ్చగా ఉందా, చురుక్కుమంటోందా?"

"వెచ్చగా ఉంది. వీపు మీద పడుతోంది." ఎందుకు చెబుతోందో ఆవిడకే తెలియలేదు. "ఎదురుగా సముద్రం. జనం వీధుల్లోనే కూర్చుంటారిక్కడ. ఊరికే నవ్వుతారు."

"నా పళ్ళు ఎక్కడున్నాయి?"

"నా ఒళ్ళో."

"ఎండలోనేనా?"

"ఎండలోనే."

అవతల తృప్తిగా ఓ నిట్టూర్పు. చిన్నకోడలు ఇక ఆగలేకపోయింది.

"ఎందుకలా చేశారత్తయ్యా? మేం రెండ్రోజులు బయటికెళితే అంత కష్టమా మీకు? నోరు విప్పి వద్దంటే సరిపోయేది కదా!"

"వద్దనడానికి కాదే తిక్కదానా. రేపు కొరకలేక పెట్టాను." గొంతు ఇంకా తగ్గింది. "ఏటా స్టేజీ ఎక్కించి నోరు తెరవమంటాడు. సంతలో గుర్రానికి కూడా ఇన్నిసార్లు పళ్ళు చూడరు. పోయినేడు ఆ యాపిల్ తొక్క చిగుట్లో గుచ్చుకుని రక్తం వచ్చింది. నవ్వుతూనే మింగాను. వాడికి నేనంటే ప్రాణం, అందుకే చెప్పలేను. అమ్మకి ఇష్టం లేదంటే వాడు కుంగిపోతాడు."

చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. ఆ యాపిల్ ఏటా కొనుక్కొచ్చేది అతనే. గట్టిది చూసి మరీ తెస్తాడు.

"పాత సెట్టు?" అంది చిన్నకోడలు.

"చెత్తబండిలో వేయించాను. అది ఉంటే నన్ను వదుల్తాడా!" చిన్నగా నవ్వింది. "మీరు సర్దుకోవడం తలుపు సందులోంచి చూశానే. నన్నెవరూ రమ్మనరు, తెలుసు. మొగుడూ పెళ్ళాం పోతుంటే ముసలిదాన్ని ఎవరు పిలుస్తారు? నేను రాకపోయినా నా పళ్ళైనా రెండ్రోజులు ఎండలో తిరిగొస్తాయని పెట్టాను."

చిన్నకోడలు తల దించి చూసింది. ఒళ్ళో ఉన్న వంకర కోరపన్ను మీద ఎండ పడి మెరుస్తోంది.

"నాకోసం ఒక్క పని చెయ్యి," అంది అత్తగారు. "నేను పెట్టానని పెద్దోడితో అనకు. నువ్వే పట్టుకెళ్ళానను. తిట్లు నువ్వు తిను. నీకు అలవాటే కదా."

"బాగుందత్తయ్యా!"

"బాగుంటుందిలే. అది సరే, మీరుండేది స్టేషన్‌కి దగ్గరేనా?"

"దగ్గరే. ఎదురు సందులో రెండో ఇల్లు, నీలం తలుపులు. ఎందుకు?"

"ఊరికే. పెద్దకోడలు లేచినట్టుంది." ఫోను పెట్టేసింది.

*

ఎండ ఏటవాలుగా పడే వేళకి బావగారు మళ్ళీ ఫోను చేశారు. ఈసారి అరుపుల్లేవు. మెత్తగా, నోట్లో సూది గుచ్చేముందు పేషెంటుతో మాట్లాడినట్టు మాట్లాడారు.

"బండికి టైమైంది. స్టేషన్లో ఉన్నారా?"

"లేదన్నయ్యా," అన్నాడు చిన్నోడు. "సముద్రం దగ్గరున్నాం."

"సరే. ఒకటే మాట చెబుతాను. ఈ బండెక్కితే రేపు ఫంక్షను, ఎల్లుండి మామూలుగా పని. ఎక్కకపోతే సోమవారం వర్క్‌షాపు తాళం మారుతుంది. కొలతలు ఇంకెవరికైనా పంపుకుంటాను. పళ్ళు చేసేవాళ్ళు ఊళ్ళో నువ్వొక్కడివే కాదు."

చిన్నోడు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ గది పోతే బల్ల, మోటారు, ఆవిడ రంగుల సీసాలు, అన్నీ వీధిన పడతాయి. ఇల్లు గడిచేది ఆ గదిలోంచే. అతని చేతులు ఎరిగిన చోటు అదొక్కటే. గోళ్ళ సందుల్లో ఇప్పుడు కూడా తెల్లగా ప్లాస్టరే ఉంది.

పళ్ళు పెట్టింది అమ్మే అని ఒక్క మాటంటే సరిపోతుంది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చిన సంగతి చిన్నకోడలు చూసింది. చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"బావగారూ, నేను. పళ్ళు నా దగ్గరే ఉన్నాయి. నేనే తెచ్చాను."

"పొరపాటున అని చెప్పమ్మా, పోనీలే అనుకుందాం."

"పొరపాటున కాదు. కావాలనే తెచ్చాను."

"ఎందుకు?"

"రేపు ఆ యాపిల్ ఎవరూ కొరకకూడదని."

  దొంగననిపించుకోవడం ఇంత తేలికగా ఉంటుందని చిన్నకోడలు ఎన్నడూ అనుకోలేదు.

"సోమవారం వస్తాం. పళ్ళు కూడా అప్పుడే వస్తాయి. తిట్టాల్సినవి ఉంటే దాచిపెట్టుకోండి, ఒక్కసారే తింటాను."

"ఫోను తమ్ముడికివ్వు."

ఇచ్చింది. ఇచ్చి, సముద్రం వైపు తిరిగింది. ఇక ఆయనిష్టం. తన వంతు తను చెప్పేసింది. ఆయన సంచీ సర్దుకుంటాడో, పక్కన కూర్చుంటాడో.

చిన్నోడు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒక అల వచ్చి గోడకి కొట్టుకుని వెనక్కి పోయింది.

"ఏరా?" అన్నారు బావగారు.

"అన్నయ్యా," అన్నాడు.  "తాళం మార్చాలంటే మార్చుకో. నా బల్ల ఒక్కటీ తడవకుండా వరండాలో పెట్టించు. మేం మాత్రం ఈ బండెక్కం."

చిన్నకోడలు గిరుక్కున తిరిగింది. మొగుడి చెవులు ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్ళ సంసారంలో ఆ మనిషి అన్నగారికి కాదని చెప్పడం ఆవిడ వినడం ఇదే మొదటిసారి. ఆవిడ చెయ్యి వెళ్ళి అతని ప్లాస్టరు గోళ్ళ చెయ్యి పట్టుకుంది.

బావగారు ఏదో అనబోయారు. అంతలో వెనకనుంచి తోటికోడలి కేక.

"ఏమండీ! అత్తయ్య గదిలో లేరండీ! మంచం మీద దిండ్లు పెట్టి దుప్పటి కప్పారు!"

"ఏమిటి?"

"కోటు లేదు! బూట్లు లేవు! చేతికర్ర కూడా లేదండీ!"

"పళ్ళు లేకుండా అమ్మ ఎక్కడికి వెళుతుందే! మొహానికి శాలువా చుట్టుకుని పక్కింటికేమైనా..."

"శాలువా మంచం మీదే ఉందండీ!"

ఫోను ఎక్కడో కిందపడ్డ చప్పుడు. పరిగెత్తుతున్న అడుగులు. తలుపు. తర్వాత లైను తెగిపోయింది.

చిన్నోడు లేచి నిలబడ్డాడు. "బయట మెట్లనిండా మంచు," అన్నాడు. "ఒక్కతే ఎప్పుడూ వీధి దాటలేదు. ఎటెళ్ళుంటుంది?"

చిన్నకోడలికి ఆ ప్రశ్న వినిపించింది గానీ, చెవుల్లో ఇంకో ప్రశ్న తిరుగుతోంది. మీరుండేది స్టేషన్‌కి దగ్గరేనా? ఊరికే అడిగిందట, ఊరికే!

"బండికి టైమైందని ఇందాక మీ అన్నయ్యే అన్నాడు," అంది నెమ్మదిగా. "అక్కణ్ణించి ఇటొచ్చే బండి కూడా ఈ వేళకే కదా?"

చిన్నోడు స్టేషన్ వైపు తిరిగి చూశాడు.

ఆవిడ దూది మీద నీళ్ళు చల్లి, కవర్లో పెట్టి, రుమాలు కట్టింది. రెండు కొసలు ముడివేసి, తోకలు ముడిలోకే దోపింది. ముడి సరిగ్గానే పడింది. అత్తగారు బండెక్కగలిగిందో లేదో, మెట్ల దగ్గరే జారిపడిందో, పొద్దున్న దాకా తెలిసే దారి లేదు. తెలిసినదల్లా ఒక్కటే. కట్టుకున్నవాడికి కూడా బోసినోరు చూపించని మనిషి, ఇవాళ శాలువా మంచం మీద వదిలేసి, ఊరందరి ఎదుటా వీధిలోకి నడిచింది.